తెల్లటి మెడ

చనిపోయిన పెద్దకూతురి చివరి ఫొటో స్టూడియోలో ట్రేలోని నీళ్లలో తేలగానే, తల్లి చూపు పిల్ల మెడ దగ్గర ఆగిపోయింది. అక్కడ నాలుగు వేళ్ల మచ్చలు లేత బూడిదరంగులో కనిపిస్తున్నాయి.

"ఇంట్లో ఉన్న ఫొటోలో ఇవి లేవమ్మా," అంది.

"పల్లాడియం లోహంతో వేసే ప్రింటు అంతేనండీ. ఎంత లేత నీడనైనా దాచదు," అంది ప్రింటు వేసినామె.

తల్లి ట్రే మీదికి వంగింది. "పోగొట్టలేవా?"

పోగొట్టడం కష్టమేం కాదు. కాగితానికి పూసే మందులో కాంట్రాస్టు పెంచే చుక్కలు ఇంకో రెండు కలిపితే నలుపు చిక్కబడుతుంది, లేత నీడలు తెల్లబడిపోతాయి.

"కానీ బుగ్గ మీది సొట్ట కూడా పోతుందండీ."

"పోతే పోనీ తల్లీ. ఆ మచ్చలు మాత్రం కంటపడకూడదు."

ప్రింటు వేసే ఆమె ఆ తడి ప్రింటును పక్కన పెట్టేసింది. కన్నతల్లి రోజూ వాటిని చూస్తూ ఎలా బతుకుతుంది? డబ్బు అడగకుండానే కొత్త కాగితానికి మందు పూసి, ఆరబెట్టి, నెగటివ్ పరిచి, మళ్లీ ప్రింటు తీసింది. ఈసారి సొట్ట లేదు. మెడ తెల్లగా, నున్నగా వచ్చింది.

తల్లి కళ్లు తుడుచుకుని, "నీ చెయ్యి చల్లగుండాలి," అంది.

"హాల్లో పెట్టుకుంటారా అండీ?"

"లేదమ్మా, అల్లుడింటికి పంపాలి. వచ్చే నెల మా చిన్నదాన్ని అతనికే ఇస్తున్నాం. చెయ్యి చేసుకోవడం ఒక్కటే గానీ, మనిషి బంగారం. అది అసలే పిరికిది. పంపేలోపు ఆ మచ్చలు చూసిందంటే పెళ్లి వద్దని మొండికేస్తుంది."