మంగళవారం రెండు గంటలు

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు అత్తగారు ఒక కాగితం మీద సంతకం చేసింది.

కోడలు వంటింటి గుమ్మంలోంచి చూసింది. సంతకం చేయించిన మనిషి రిటైరయిన నర్సు. పెద్దవాళ్ల కోసం పెట్టుకున్న సంఘం తరఫున ఆ రోజే మొదటిసారి వచ్చింది. కోడలు టీ కప్పులతో గదిలోకి వెళ్లేసరికి నర్సు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

"ఏం కాగితం అత్తయ్యా అది?"

"నా రెండో పెళ్లి శుభలేఖ. నిన్ను మాత్రం పిలవను," అంది అత్తగారు. ఆమెకు ఎనభై రెండేళ్లు.

నర్సు నవ్వింది. కోడలు నవ్వలేదు.

కారణం ఉంది. ఇల్లు అత్తగారి పేరున ఉంది. కోడలికి యాభై ఎనిమిదేళ్లు. ఆ ఇంట్లోకి వచ్చి ముప్ఫై మూడేళ్లు. భర్త పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. నాలుగేళ్ల కిందట అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి ఆమెను లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా కోడలే. స్కూలు లైబ్రరీలో ఉద్యోగం మానేసింది కూడా అప్పుడే. ఆ ఒక్క సంతకంతో ఇల్లు సంఘం చేతికి పోతే ఆమెకు తలదాచుకోవడానికి మరో చోటు లేదు.

సంఘం సంగతి అత్తగారి చెవిన వేసింది ఆడపడుచు. కోడలు ఆమెకు ఫోన్ చేసింది.

"మీ అమ్మ చేత ఏం సంతకం పెట్టించారు?"

"నాకేం తెలుసు వదినా? నర్సు నంబరు ఇచ్చాను. అంతవరకే."

"నీకు తెలీకుండానే ఇంత జరిగిందా?"

"నంబరెందుకని నేనూ అడిగాను. నోరు మూసుకోమంది. మా అమ్మ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కదా."

కోడలు నమ్మలేదు.

తర్వాత ప్రతి మంగళవారం పదింటికి నర్సు వచ్చేది. వచ్చీ రాగానే ఒకటే మాట. "మీరలా బయటికెళ్లి రండి. రెండు గంటలు నేనుంటాను."

"వెళ్లవే," అనేది అత్తగారు. "పొద్దస్తమానం నీ మొహమే చూడలేక చస్తున్నాను."

మొదటి వారం కోడలు కదల్లేదు. రెండో వారం కూరల సంచీ పట్టుకుని వీధి మలుపు దాకా వెళ్లి, ఏడో నిమిషంలో తిరిగొచ్చింది. ఆమె చెప్పులు విడిచిన చప్పుడుకు లోపల మాటలు ఆగిపోయాయి.

మూడో వారం నర్సు ఇల్లంతా తిరిగింది. వంటిల్లు చూసింది. స్నానాలగది చూసింది. తాళం వేసి ఉన్న గది ముందు ఆగింది.

"ఇది తెరిచి ఎన్నాళ్లయింది?"

"నాలుగేళ్లు. అది నా గది. ఇప్పుడు అత్తయ్య మంచం పక్కన చాప వేసుకుంటున్నాను."

నర్సు పుస్తకంలో ఏదో రాసుకుంది.

"కొలతలు కూడా తీసుకోండి. టేపు ఇస్తాను," అంది కోడలు.

నర్సు తలెత్తి చూసింది. పెన్ను మూసేసింది.

నాలుగో వారం, ఐదో వారం కోడలు ఆ ఇద్దరికీ ఎదురుగా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏం కాపలావే ఇది? నన్నెవరైనా ఎత్తుకుపోతారనా?" అంది అత్తగారు.

"మిమ్మల్ని కాదులెండి."

ఆరో మంగళవారం నర్సు నోరు తెరవకముందే కోడలు గొడుగు అందుకుంది.

"వెళ్లొస్తాను. ఆలస్యమవుతుంది."

నర్సూ అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోడలు అది కూడా గమనించింది.

సంఘం పన్నెండు నిమిషాల నడక దూరంలో, చెప్పుల దుకాణం మేడ మీద ఉంది. పొడవాటి గది. పదిహేను మంది కుర్చీల్లో కూర్చుని చేతులు పైకెత్తి దించుతున్నారు. కార్యదర్శి రిటైరయిన బస్సు కండక్టరు.

"ముందుకు జరగండమ్మా. తలుపు దగ్గర నిలబడకండి," అన్నాడు.

"మా అత్తగారితో ఏం రాయించుకున్నారో చూపించండి."

"అలా చూపించకూడదమ్మా. సంతకం పెట్టినవాళ్లు చూడొచ్చు, అది ఎవరి కోసమో వాళ్లు చూడొచ్చు. ఇంకెవరికీ ఇవ్వం."

"ఇల్లు రాయించుకున్నారా?"

పైకెత్తిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఇల్లా! ఈ మెట్లెక్కలేకే సగం మంది రావడంలేదు. మాకు ఇళ్లెందుకమ్మా?"

అంటూనే ఫైలు తీశాడు. అత్తగారి పేరడిగి పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి, కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"ఆ కోడలు మీరేనా?"

"నేనే."

"అయితే చూడండి." ఫైలు ఆమె వైపు తిప్పాడు.

అచ్చువేసిన ఫారం. అడుగున అత్తగారి సంతకం. దాని కింద నర్సు రాతలో వారం వారం నమోదు చేసిన వివరాలు.

మొదటి వారం: బయటికి వెళ్లలేదు. రెండో వారం: ఏడు నిమిషాలు. మూడో వారం: వెళ్లలేదు. చాప మీద పడుకుంటోంది. నాలుగు, ఐదు: వెళ్లలేదు. గుమ్మంలో కూర్చుంది.

"నా మీద నిఘా పెట్టారా?" అంది కోడలు.

కండక్టరు ఫారం పైభాగాన వేలు పెట్టి చూపించాడు.

‘సంఘం తోడు ఎవరికి కావాలి’ అన్న ప్రశ్నకు ఎదురుగా అత్తగారు రెండే మాటలు రాసింది: ‘మా కోడలికి.’