కొత్త కోడలూ చిక్కుపడ్డ వైర్లూ

గ్యారేజీ షట్టరుకి తాళం లేదు. వేయడం మరిచిపోయి ఆఫీసుకి వెళ్లిపోయి ఉంటాడు మొగుడు మహానుభావుడు. వీధి పొడవునా ఒకేలాంటి బూడిదరంగు షట్టర్లు, అందులో ఒకటి తనది. కొత్త కోడలు మురిసిపోతూ షట్టరు పైకెత్తింది. మురిపెం అక్కడితో ఆగింది.

లోపల వైర్లు పిచ్చుక గూడు కట్టాయి. మేకులు, మరలు, వాషర్లు అన్నీ ఒకే బిస్కెట్ల డబ్బాలో ఉమ్మడి కాపురం చేస్తున్నాయి. పెళ్లయి పన్నెండు రోజులైనా ఆమె గ్యారేజీలో అడుగుపెట్టడం ఇదే మొదలు. ఈ పూట భర్త మేనమామ వస్తున్నారు. పెళ్లికి రాలేకపోయినాయన, భర్తకి చేతిపనంతా నేర్పినాయన. "డిగ్రీ చదివిన పిల్లకి వైరుకీ తాడుకీ తేడా తెలుసా?" అని ఫోన్లో అడిగారట. ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

నడుం బిగించింది. సగం పనయ్యేసరికి గుమ్మంలో కూరల సంచీతో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని నిలబడి ఉన్నారు.

"రండి మావయ్యగారూ. కూరలెందుకండీ, మనలో మనకి మర్యాదలేంటి?" అంటూ సంచీ అందుకుంది.

"అమ్మా, నేను..."

"ముందు కూర్చోండి. చూశారా మీ శిష్యుడి నిర్వాకం? ఇక్కడ మనుషులు తిరుగుతారా, ఎలుకలు తిరుగుతాయా?"

పెద్దాయన తల దించుకున్నారు. "ఎలుకలు లేవమ్మా," అన్నారు మెల్లగా.

ఎదుటివాళ్ల మాటకి సందివ్వడం ఆమె జాతకంలోనే లేదు. మోచేతికి వైరు చుడుతూ వాగుతూనే ఉంది. ఆయన రెండుసార్లు నోరు తెరిచి, మూసి, చివరికి లేచొచ్చారు.

"అలా చుడితే మెలిపడుతుంది. ఒక చుట్టు ఇటు, ఒక చుట్టు అటు. ఆఁ, అదీ."

పరీక్ష పెడుతున్నారన్నమాట. ఆమె రెట్టింపు హుషారుగా చుట్టింది. కత్తెర కావలసొస్తే ఆయన చూడకుండానే బల్ల కిందనుంచి తీసిచ్చారు. పనివాడి చేతికి కళ్లుంటాయని ఆమె లోలోపల మెచ్చుకుంది. తుప్పుపట్టిన తలుపు కీలొకటి చెత్తలో వేయబోతే మాత్రం ఆయన గబుక్కున పట్టుకున్నారు.

"ఇది పనికొస్తుందమ్మా."

"మా ఆయనా ఇదే పాట. ఇద్దరూ ఒకే తానులో ముక్కలు."

పొద్దువాలేసరికి సీసాల మూతలు గోడ అలమర చెక్క కిందివైపున మరలతో బిగిశాయి, వాటికి సీసాలు వేలాడాయి. ఒక్కో సీసాలో ఒక్కో సైజు మరలు. వైరు చుట్టలన్నీ గోడమీద వరసగా నిలిచాయి. పెద్దాయన కళ్లు చెమర్చాయి.

"ఈ గ్యారేజీని ఇలా చూస్తాననుకోలేదమ్మా."

"మరి నేను పాసయినట్టేనా?"

"ఎప్పుడో."

ఆమె భూమికి జానెడెత్తున తేలింది. అప్పుడే ఫోన్ మోగింది. భర్త.

"ఎక్కడున్నావ్?"

"ఇంకెక్కడ, మన గ్యారేజీలో. మీ మావయ్యగారు నాకు నూటికి నూరు మార్కులు వేశారు, కనుక్కోండి."

అవతల భర్త గొంతు తగ్గించాడు.

"మన గ్యారేజీలో మావయ్యతో ఉన్నది నేను."