మగ్గాల మోత ఏ శాఖది?

“ఒక్క శాఖ పేరు చెప్పు బేటీ, నీ పరిశోధన దరఖాస్తు మీద సంతకం పెడతాను,” అన్నాడు ప్రొఫెసర్.

నా మనవరాలు సింధూజ చెప్పనంది. మా లింబాయత్ వాడ మరమగ్గాల మోతలో నేతగాళ్లు పెదవులు చూసి, చేతులు తిప్పి ఎలా మాట్లాడుకుంటారో పరిశోధిస్తానని యూనివర్సిటీకి వచ్చింది.

“మోత ఫిజిక్సుది. చెవి డాక్టర్లది. సైగ భాషాశాస్త్రంవాళ్లది. మూడూ కలిపితే ఎవరి కిందా సీటు రాదు,” అన్నాడాయన.

మా వాడలో అన్నదమ్ములు విడిపోతే ఇల్లు పంచుకుంటారు; చదువుకున్నవాళ్లు మనిషినే పంచుకుంటారు. సరే, కథకు వస్తాను.

“అవి కలిసే ఉన్నయి సార్, విడగొట్టింది మీరు. సీటియ్యకుంటే పాయె, విషయం మాత్రం మార్చ.”

“కలిసి ఉన్నాయా? ఎక్కడ?”

ఆమె గాజు తలుపు తెరిచి, వరండాలో నిలబడ్డ నన్ను లోపలికి లాగింది.

“ఈడ. మా తాత. మగ్గాలు ఈయన చెవుల్ని ఎప్పుడో తిన్నయి. మన పంచాయితీ మొత్తం అద్దంలకెల్లి పెదవులు చూసే పట్టిండు. ఏ శాఖల ఏస్తరు ఈయనను?”

నిజమే, ఇంతవరకు రాసిన మాటల్లో ఒక్కటీ నా చెవిన పడలేదు.

ప్రొఫెసర్ నావైపు తిరిగి, పెదవులు నిదానంగా కదిపాడు: “మీ పిల్ల మొండిది.”

“మా ఇంట్ల అందరం గంతే సార్,” అన్నాను.

ఆయన మూడు శాఖల పేర్లూ రాసి సంతకం పెట్టేదాకా ఇద్దరం అక్కడినుంచి కదలలేదు.