పాతవి అయ్యాక కొత్తవి

మా వంటింట్లో ఉప్పుజాడీ పక్కనే మాత్రల పెట్టె ఉంటుంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. మా ఆవిడ నాంచారమ్మకు బ్లడ్ కేన్సరు వచ్చి ఆరేళ్లయింది. వారానికోసారి పెట్టె మీద వేలు పెడితే, అది రక్తపుచుక్క చూసి, అవసరమైతే రెండు నెలలకు సరిపడా తగిన మాత్రలు తయారుచేస్తుంది. జబ్బు కణం జన్యువులో ఒక్క అక్షరం మార్చుకున్నా పాత మాత్రకు లొంగదు. అప్పుడు పెట్టె కొత్త మాత్ర చేస్తుంది.

"నీ జబ్బు నాకంటే ఎక్కువ వేషాలు వేస్తోందే" అని ఏడిపించేవాణ్ణి.

పోయిన నెల పెట్టె తెల్లవి మాని పసుపు మాత్రలు ఇచ్చింది. మూడు వారాలైనా రక్తం బాగుపడలేదు. డాక్టరమ్మ తెరమీదికి వచ్చింది.

"మామ్మగారూ, మందు రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్కపూటా మానలేదమ్మా."

అనుమానమొచ్చి పోపులడబ్బా తెరిచాను. పసుపు మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇవేమిటే?"

"తెల్లవి చాలా మిగిలాయి గదండీ. అవయ్యాక వేసుకుందామని. పాత పచ్చడి ఉండగా కొత్త జాడీ తీస్తామా?"

డాక్టరమ్మ రక్తం లెక్కలు మళ్లీ చూసింది.

"ఈలోగా జబ్బు ఇంకో అక్షరం మార్చుకుంది, తాతగారూ. ఇక పసుపువీ పనిచెయ్యవు, పెట్టెకు తెలిసిన మందేదీ పనిచెయ్యదు. కొత్తది మేమే కనిపెట్టి పంపాలి. పదిరోజులు పడుతుంది."

"అందాకా జబ్బు ఆగుతుందా?" అన్నాను.

"చూద్దామండీ."

పులితో కుస్తీ పట్టానని ఊరంతటినీ నమ్మించిన నేను, పోపులడబ్బా ఆవిడ ముందు పెట్టి పీట మీద కూర్చున్నాను. నాంచారమ్మ తెల్లవీ పసుపువీ కలిపి దోసిట్లోకి తీసుకుని చెత్తబుట్టలో పోసింది. చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుంది.

"పదిరోజులు ఉంటే, వచ్చినరోజే వేసుకుంటానండీ" అంది.