తొట్టి నమ్మిన ఒళ్ళు

పుష్యమాసపు చలిలో, గోదావరి లంకలోని గుడారాల బసకు వచ్చిన నీహారిక, సాకేత్ దంపతులు ఆరుబయట నీళ్లతొట్టిలో వణుకుతూ కూర్చున్నారు. ఈ కాలపు తొట్లన్నీ అంతే, తమను తాకిన ఒళ్ళు ఎంత అలిసిందో చూసి నీళ్లను అంతే వేడి చేస్తాయి. ఇంటిపనంతా యంత్రాలకు అప్పజెప్పిన ఆ ఇద్దరికీ గోరువెచ్చన కూడా దక్కలేదు.

"ఏదైనా పనుంటే చెప్పండి, వీరవేణిగారూ," అని బతిమాలాడు సాకేత్.

గుడారాలు ఊడ్చే వీరవేణి మొహమాటపడుతూనే తన వంగతోట చూపించింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ కలుపు తీశారు.

"నెల్లాళ్ల పనండి ఇది! మీ కడుపు చల్లగుండ!" అని దీవించింది ఆమె.

"ఆ చల్లదనంతోనే చస్తున్నామండీ," అని నవ్వాడు సాకేత్.

వాళ్లిద్దరూ దిగేలోపే, నీళ్లు కాగుతాయో లేదోనని వీరవేణి తొట్టిలో చెయ్యి ముంచింది. ఇన్నేళ్లూ ఖాళీ తొట్టిని తోమడమే గాని, అందులో నీళ్లను ఆమె ఏనాడూ ముట్టుకోలేదు. తొట్టి ఒక్కసారిగా పొగలు కక్కింది.

నీహారిక ఆ పొగలకేసి చూసింది. "మీరు దిగండక్కా. మిగిలిన రెండు సాళ్లూ మేం తీసేస్తాం," అని మళ్లీ తోటలోకి నడిచింది.

వీరవేణి మెడదాకా మునిగి తొట్టి అంచు నిమిరింది.

"నా నడుంనొప్పి నిజవేనని నమ్మింది నువ్వేనే, తల్లీ!"