వంటింట్లో ఫ్రెంచి ముక్క

కొత్తగా అద్దెకు దిగిన ఫ్రెంచి మేష్టారు మొదటి పూటే సూపు రెండుసార్లు పోయించుకున్నాడు.

“ఈ తిండిపోతు ముసలాడు నా ఇల్లు గుల్ల చేసేలా ఉన్నాడు,” అంది ఇంటావిడ మెహిటబెల్, ఆయన ఎదుటే.

పక్కింటి ప్రూడెన్స్ కంగారుపడింది. “మెల్లగా అనవే, వింటాడు.”

“వింటే మాత్రం? ఇంగ్లీషు ముక్క వస్తేగా.”

ఫ్రెంచి నేర్పే తన బడిలో పిల్లలకైనా, కొట్లో యజమానికైనా ఆయన వేలితో చూపించి ఫ్రెంచిలోనే చెప్పేవాడు. అమెరికాలోని ఆ వెర్మాంట్ పల్లెలో ఆయన నోట ఇంగ్లీషు విన్నవాళ్ళు లేరు. పాపం, రాదు కాబోలనుకుంది ఊరంతా.

భాష రానివాడి దగ్గర దాపరికమేముంది?

ఓ మధ్యాహ్నం తనూ మేష్టారూ పొయ్యి పక్కన ఆపిల్ పళ్ళు చెక్కు తీస్తుంటే, మెహిటబెల్ ఉండబట్టలేక గుండెలోది కక్కేసింది. ఒకప్పుడు కొడుకు ఏసాని కోపంలో “నా కళ్ళముందు ఉండకు, పో” అని తరిమింది. వాడు గడ్డకట్టిన ఏటి మీదుగా అడ్డంపడి వెళ్ళాడు. మంచు విరిగింది. వాడు మునిగిపోయాడని ఊరికి తెలుసు. తరిమింది తల్లేనని తెలియదు. పాస్టరుకి చెప్పుకుందామంటే, దేవుడి మనిషి ఏమంటాడోనని భయం.

మేష్టారు చాకు పక్కన పెట్టి, మెల్లగా ఏదో ఫ్రెంచి ముక్క అన్నాడు.

“ఏం మేష్టారూ, ఆపిల్ పుల్లగా ఉందా?” అని ఏడుస్తూనే నవ్వేసింది.

ఆ తర్వాత ఆమె ఎప్పుడు కంటతడి పెట్టినా ఆయనది అదే ముక్క. వినగా వినగా ఆమెకు నోటికొచ్చేసింది. అర్థమేమిటో తెలుసుకోవాలని ఒకటే తహతహ. ఆయన్నే సైగలతో అడిగితే మళ్ళీ అదే అప్పజెప్పేవాడు.

ఆ చలికాలం దగ్గు ముదిరి మేష్టారు పోయాడు.

అంత్యక్రియలకు బోస్టన్ నుంచి ఆయన పాత స్నేహితుడొకడు వచ్చాడు. ఫ్రెంచి తెలిసినవాడు. మెహిటబెల్ అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి, ఆ ముక్క తడుముకోకుండా చెప్పింది.

“ఆపిల్ పళ్ళ గురించేనా బాబూ?”

“కాదమ్మా. ‘దేవుడు నిన్ను ఎప్పుడో క్షమించాడు, ఇక నిన్ను నువ్వు క్షమించుకో తల్లీ’ అని.”

ఆమె అతని దగ్గరికి జరిగింది. “ఇంగ్లీషు రాని మనిషికి నా గోడు ఎలా తెలిసింది?”

అతను తెల్లబోయాడు.

“రాకపోవడమేమిటమ్మా? ఒక్క ఇంగ్లీషు మాట దొర్లినా పిల్లలు ఫ్రెంచి వదిలేస్తారని బడి పెట్టాక ఒట్టు పెట్టుకున్నాడు గానీ, అంతకుముందు ఇరవై ఏళ్ళు మా చర్చిలో ఇంగ్లీషులో ప్రసంగాలు చేసిన పాస్టర్ ఆయనే.”