నూట పద్దెనిమిదో ప్లాటు

"మీ ప్లాటు నంబరెంత సార్?"

ఎల్బీ నగర్ చౌరస్తా దాటకముందే డ్రైవర్ మహేందర్ ఇలా అడగడం ఇది మూడోసారి. వెంకట్రావు వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. పక్కనున్న భార్య వేదవతి ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి ముందు డిక్కీలో గడ్డపార పెడుతున్నప్పుడే ఈ డ్రైవర్ మొహం మాడిపోయింది. అప్పటినుంచీ ఇదే ప్రశ్న.

"చెప్పకండి," చెవిలో అంది వేదవతి. "నంబరు తెలిస్తే రాత్రికి రాత్రే హద్దురాళ్లు పీకేస్తారట."

"నాకు తెలుసు, నువ్వుండు."

సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సుల్లేవు. వస్తానన్న మేస్త్రీ కూడా రాలేనన్నాడు. ముహూర్తం మాత్రం సమ్మె చెయ్యదు కదా! పదిన్నరకల్లా గిరివనం గార్డెన్ సిటీలో, తమ ప్లాటు ఈశాన్య మూలలో గడ్డపార దిగాల్సిందే. రంగుల కాగితంలో ఆ సిటీ ఎంత బాగుందో! కొండ చుట్టూ గులాబీ తోటలు, రాళ్ల మీంచి దూకే నీళ్లు, పైన మబ్బులు. పాతికేళ్లుగా అద్దె ఇళ్లు మారుతున్న దంపతులు ఆ కాగితాన్ని దేవుడి పటం పక్కనే పెట్టుకున్నారు.

కారు సాగర్ రోడ్డెక్కింది. ముందు సీటు కిందినుంచి ఏదో జారివచ్చి వేదవతి కాలికి చల్లగా తగిలింది. వంగి చూసింది. కొడవలి.

వెంకట్రావుకు చూపించింది. ఆయన దాన్ని కాలితో మెల్లగా సీటు కిందికి తోసేశాడు.

తుర్కయంజాల్ దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు, జెండాలు, నినాదాలు. ఒకతను వంగి కారులోకి చూశాడు. నోరు విప్పితే తమ ఆంధ్ర యాస పట్టుబడుతుందని భార్యాభర్తలిద్దరూ పెదాలు బిగించి కూర్చున్నారు.

"అన్నా, ఎవరు వీళ్లు?"

"కిరాయి తమ్మీ. పెద్దమనుషులు."

"బంద్ పెట్టినం గద. ఏడికి పోతున్నవ్?"

"గుట్ట కాడికి. సంతోషి కాడికి."

అతను మరో మాట అడగలేదు. మహేందర్ భుజం మీద ఒకసారి చెయ్యేసి, తానే వెళ్లి రాళ్లు పక్కకు జరిపాడు.

కాసేపటికి వేదవతి గుండె చిక్కబట్టుకుని అడిగింది. "సంతోషి ఎవరు బాబూ?"

"నా బిడ్డమ్మా. ఐదేండ్లు. బతుకమ్మంటే పానం దానికి."

"ఆ కొండ దగ్గరే ఉంటుందా?"

"ఆ. ఆడనే."

"కొండ మీద పసిపిల్లేంటి?" అని వెంకట్రావు గొణిగాడు. "వాళ్లలో వాళ్లకేదో సంకేతం."

మట్టిరోడ్డు మీద కొంత దూరం పోయాక మహేందర్ ఉన్నట్టుండి బండి ఆపి వెనక్కి తిరిగాడు. చుట్టూ నరపురుగు కూడా లేదు.

"సార్, జర నంబరు చెప్పున్రి."

"యాభై రెండు," అనేశాడు వెంకట్రావు. అబద్ధమైనా ఆయన గొంతు వణకలేదు. వేదవతి మాత్రం కళ్లు దించుకుంది.

మహేందర్ పెద్దగా ఊపిరి వదిలి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "మంచిగైంది సార్. నూట పద్దెనిమిది అంటరేమోనని పొద్దుగాల్నుంచి పరేషాన్‌ల ఉన్న."

"ఎందుకని? దానికేమయింది?"

"ఆ ముచ్చట వద్దు సార్. దాంట్ల గడ్డపార ఏసినోన్ని మాత్రం నేను ఇడిచిపెట్ట."

వేదవతి చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంది. అందులో కొబ్బరికాయ, నవధాన్యాల పక్కన, ఆమె పేరుమీదే ఉన్న నూట పద్దెనిమిదో ప్లాటు కాగితాలున్నాయి.

గార్డెన్ సిటీలో గులాబీ ఒక్కటీ లేదు. డోజర్లు చదును చేసిన ఎర్రమట్టి, నంబర్లేసిన రాళ్లు, వెనక బోడిగుట్ట, ఏపుగా పెరిగిన తంగేడు పొదలు. అంతే. మహేందర్ కొడవలి తీసుకుని, "మీ పని చూసుకోండ్రి సార్, నేను గట్ల పోయొస్త," అంటూ పొదల వైపు వెళ్లాడు.

"వెనక్కి పోదామండీ," అంది వేదవతి ఏడుపు గొంతుతో. "వాడి చేతిలో కత్తుంది."

"పోతే ఈ జాగా మనది కాదిక! కబ్జా పెడదామని చూస్తున్నాడు, అర్థం కావట్లేదా? వాడొచ్చేలోపు గుంట తియ్యాలి. పద!"

ఇద్దరూ దొంగల్లా వంగి నడుస్తూ నూట పద్దెనిమిది రాసిన రాయి వెతికి పట్టుకున్నారు. తమ సొంత జాగాలో తామే దొంగలయ్యారు పాపం. ఈశాన్య మూల పసుపు చల్లి, కొబ్బరికాయ కొట్టి, వెంకట్రావు గడ్డపార ఎత్తి ఒక్క పోటు పొడిచాడు. నేల మెత్తగా ఉంది. మూరెడు లోతు దిగింది.

"సార్!"

గుట్టమీదినుంచి కేక. మహేందర్ పరుగెత్తుకొస్తున్నాడు. ఒక చేతిలో కొడవలి, ఇంకో చేతిలో ఒడి నిండేంత తంగేడు పూలు, బతుకమ్మకు పేర్చేవి. దారి పొడుగునా పూలు రాలుతున్నాయి.

"చంపేస్తాడండీ!" వేదవతి అరిచింది.

వెంకట్రావు గడ్డపార పైకి లాగి రెండు చేతులా ఎత్తాడు. "దగ్గరికొచ్చావంటే పొడిచేస్తాను!"

మహేందర్ ఆగలేదు. కొడవలి అవతలికి విసిరేశాడు. ఎత్తిన గడ్డపార కిందికే వచ్చి, పసుపు చల్లిన మట్టిమీద బోర్లా పడి, రెండు చేతులూ చాచి ఆ మూలను కప్పేశాడు. పూలన్నీ అతని కింద నలిగిపోయాయి.

"యాభై రెండంటిరి గద సార్," వెక్కుతూ అన్నాడు. "జర మెల్లగ... మా సంతోషికి తగుల్తది."